తగ్గని పొట్ట: కారణములు, గుర్తులు

మన నేత కుటుంబములలో పొట్టను గురించి మాటలాడుకొనే తీరు అన్ని ఊళ్ళలోను ఒక్కటే. మగవానికి పొట్ట పెరిగితే "కూర్చున్నచోట పని గదా" అంటారు. ఆడవారికి పెరిగితే "కాన్పుల పొట్ట" అంటారు. అది కాకపోతే "గ్యాస్" అంటారు. పిల్లవానికి పొట్ట ముందుకు వస్తే "నులిపురుగులు" అంటారు. దానితో విచారణ ముగుస్తుంది. పంచె ముడి కొంచెము వదులు చేసుకొని, చీర కట్టు కొంచెము క్రిందికి దింపుకొని మరల మగ్గము గుంటలో కాళ్ళు పెడతాము.

ఈ మాటలలో అబద్ధము లేదు. చాలామంది విషయములో కారణము అదే కావచ్చును. కాని పొట్ట అనునది ఒక వ్యాధి పేరు కాదు. లోపల ఉన్నది కొవ్వు కావచ్చును, వాయువు కావచ్చును, నిలిచిపోయిన మలము కావచ్చును, నీరు కావచ్చును, గర్భము కావచ్చును, గడ్డ కావచ్చును. పైకి ఈ ఆరును ఇంచుమించు ఒకే విధముగా కనబడతాయి. మొదటి మూడింటిని నిదానముగా సరిచేసుకొనవచ్చును. తక్కిన మూడింటిని నెలల తరబడి తెలుసుకోకుండా ఉంటే చేటు.

నేను వైద్యుడను కాను. సంఘ కార్యదర్శిగా సభ్యులను ఆసుపత్రికి తీసుకొనిపోయి, వైద్యులు వారికి చెప్పినది విని, చదివి తెలుసుకొన్నంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాను. వైద్యుని వద్దకు పోవలెనా, పోతే ఏమి చెప్పవలెను అనే రెండు ప్రశ్నలకు ఈ వ్యాసము ఉపయోగపడితే చాలును.

గంటలు, ఏండ్లు, వారములు

పొట్ట ఎంత ఉన్నది అనుటకంటె ఎంత కాలములో అట్లయినది అనుట ముఖ్యము. ఈ ఒక్క లెక్కతో సగము విషయము తేలుతుంది.

ఉదయము చదునుగా ఉండి, భోజనము తరువాత పెరిగి, సాయంత్రమునకు బిగిసి, తెల్లవారేసరికి తగ్గేది గంటల పొట్ట. ఇది ఎక్కువగా వాయువు, మలబద్ధకము.

"పెండ్లినాటికి లేదు, పెద్దవాడు బడికి పోయేనాటికి ఇంత ఉన్నది, ఇప్పుడు ఇంత" అని చెప్పుకొనేది ఏండ్ల పొట్ట. ఇది ఎక్కువగా కొవ్వు, కండరముల సడలింపు.

"దసరాకు కట్టిన రవిక దీపావళికి పట్టుట లేదు" అనేది వారముల పొట్ట. ఉదయము సాయంత్రము తేడా లేకుండా ఉండి, వారము వారమునకు పెరిగేది. నీరు, గడ్డ, గర్భము ఈ జాతిలోనివి. వారముల పొట్టను ఇంటిలో ఉంచుకొని చూడకూడదు. దాని స్థానము వైద్యుని బల్ల మీద.

ఈ లెక్క తప్పకుండా నిలుస్తుందని కాదు. కొన్ని గడ్డలు మొదట్లో గంటల పొట్ట వలె వచ్చి పోతూ ఉంటాయి. ఆ సంగతి ముందు వస్తుంది.

కొలుచుకొనే పద్ధతి

బట్టను కొలిచి పంపేవారము మనము. పొట్టను మాత్రము కంటితో అంచనా వేస్తాము. దర్జీ టేపు ఒకటి చాలును. చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు నడుమ, ఊపిరి మెల్లగా వదలిన తరువాత, పొట్ట లోనికి పీల్చకుండా కొలవవలెను. ఉదయము లేచి మరుగుదొడ్డికి పోయి వచ్చిన తరువాత ఒకసారి, రాత్రి భోజనము తరువాత ఒకసారి, వారమునకు ఒక రోజు. నాలుగు వారములు వ్రాసిపెట్టవలెను. ప్రక్కనే బరువు కూడ వ్రాయవలెను.

ఉదయమునకు రాత్రికి తేడా ఎక్కువగా ఉంటే గంటల పొట్ట. తేడా లేక, వారము వారమునకు అంకె పెరుగుతూ ఉంటే వారముల పొట్ట. పొట్ట పెరుగుతూ చేతులు, భుజములు, ముఖము చిక్కిపోతూ ఉంటే నాలుగు వారములు కూడ ఆగనక్కరలేదు. కొలుచుట మానివేసి ఆసుపత్రికి బయలుదేరవలెను.

ఏండ్ల పొట్ట

మన దేశపువారికి నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు, అనగా సుమారు 35½ అంగుళములు, ఆడవారికి 80 సెంటీమీటర్లు, అనగా సుమారు 31½ అంగుళములు దాటితే జాగ్రత్త పడవలెనని వైద్యులు చెబుతారు. చేతులు కాళ్ళు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ఉన్న మనిషిని మనము లావు అనము. కాని చర్మము క్రింద ఉన్న కొవ్వుకంటె, లోపల ప్రేగుల చుట్టు, కాలేయము చుట్టు చేరే కొవ్వే ఎక్కువ చెరుపు చేస్తుంది. చక్కెర వ్యాధి, రక్తపుపోటు, గుండెజబ్బు, కాలేయములో కొవ్వు చేరుట దీని వెంట వస్తాయి. మన దేశపువారికి సన్నని శరీరములోనే చక్కెర వ్యాధి వచ్చుట ఎక్కువ గనుక ఈ పొట్టను "సుఖపు పొట్ట" అని నవ్వి వదలివేయరాదు.

మగ్గము పని కష్టమైన పని, ఎవరును కాదనలేరు. భుజములు, మణికట్లు, మోకాళ్ళు అలసిపోతాయి. కాని శరీరము మొత్తము కదిలే పని కాదు. కండెలు చుట్టే ఆడవారికి, మా షోలాపూరులో బీడీలు చుట్టే ఆడవారికి ఇంకను కదలిక తక్కువ. తిండి మాత్రము పొలము పని చేసిన తాతల నాటి తిండి. దీనికి తోడు టీ. టీకి రెండు చెంచాల చక్కెర చొప్పున రోజుకు ఆరు టీలు అయితే 12 చెంచాలు, సుమారు 60 గ్రాములు. అది ఒక్కటే 240 క్యాలరీలు. అన్నము తగ్గించినాను, పొట్ట తగ్గలేదు అనేవారు మొదట ఈ లెక్క చూచుకొనవలెను.

పొట్ట మీద మాత్రమే పనిచేసే వ్యాయామము లేదు, నూనె లేదు, బెల్టు లేదు. శరీరము మొత్తము తగ్గితే పొట్ట తగ్గుతుంది. రోజుకు అరగంట చురుకైన నడక, గంటకు ఒకసారి గుంట నుండి లేచి నాలుగు అడుగులు వేయుట, టీలో చక్కెర తగ్గించుట, పళ్ళెములో అన్నము కొంత తగ్గించి పప్పు, ఆకుకూర పెంచుట. ఇవి మెల్లగా పనిచేస్తాయి. నెలకు ఒక అంగుళము తగ్గితే సంతోషించవలసినదే.

కొవ్వు లేకుండా పొట్ట ముందుకు కనబడేవారు కూడ ఉన్నారు. గంటల తరబడి ముందుకు వంగి కూర్చొనుటవలన పొట్ట కండరములకు పని తప్పుతుంది, తొడల మొదటిలోని కండరములు బిగుస్తాయి, నిలబడినప్పుడు నడుము లోనికి వంగి పొట్ట ముందుకు తోసుకొని వస్తుంది. గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడితే పొట్ట తగ్గినట్లు కనబడుతుందేమో చూడండి. తగ్గితే అందులో కొంత భాగము నిలబడే తీరువలన వచ్చినదే.

కాన్పుల తరువాతి పొట్ట వేరు. గర్భము పెరిగినప్పుడు పొట్ట నడిమి గీతకు ఇరుప్రక్కల ఉన్న కండరములు ఎడముగా జరుగుతాయి. కొందరికి అవి మరల దగ్గరకు రావు. వెల్లకిల పడుకొని, మోకాళ్ళు మడిచి, తల కొంచెము పైకెత్తి, బొడ్డుకు పైన నడిమి గీతలో వ్రేళ్ళు పెట్టి చూస్తే రెండు వ్రేళ్ళకు మించిన సందు తెలుస్తుంది. కొందరికి అక్కడ గట్టు వలె లేస్తుంది. ఇది ప్రమాదము కాదు. బాలింతకు నడుముకు గుడ్డ కట్టుట మన ఆచారము. దానివలన ఊతము దొరుకుతుంది గాని కండరములు తమంత తాము కలిసిపోవు. వ్యాయామ చికిత్స తెలిసినవారు నేర్పే మెల్లని కసరత్తులతో చాలామందికి మేలు కలుగుతుంది. లేచి కూర్చొనే గట్టి కసరత్తులు ముందే మొదలుపెడితే సందు పెరుగవచ్చును.

గంటల పొట్ట

వాయువు అందరి ప్రేగులలోను ఉంటుంది. కొంత మనము మ్రింగిన గాలి. కొంత ప్రేగులలోని సూక్ష్మజీవులు ఆహారమును పులియబెట్టుటవలన పుట్టేది. గబగబ తినుట, రోజంతయు ఏదో ఒకటి నములుతూ ఉండుట, బీడీ పీల్చుట, సోడాలు త్రాగుట వీటివలన గాలి ఎక్కువ లోపలికి పోతుంది. శనగపప్పు, ఉలవలు, చిక్కుళ్ళు, ఉల్లి, క్యాబేజి కొందరికి ఎక్కువ వాయువు చేస్తాయి. పెద్దవయసు వచ్చిన తరువాత పాలలోని చక్కెరను జీర్ణము చేసుకొనే శక్తి మన దక్షిణాదివారిలో చాలామందికి తగ్గిపోతుంది. అట్టివారికి పాల టీ ఒక్కొక్కటియు ఒక్కొక్క ఉబ్బరమే. వారికి పెరుగు, మజ్జిగ ఎక్కువగా సరిపడతాయి.

దీనికి విరుగుడు ఒక్కొక్కటిగా మాని చూచుట. పడుగులో చిక్కు పడినప్పుడు అన్ని పోగులు ఒక్కసారి లాగము గదా. రెండు వారములు పాలు మాని చూడండి. తేడా లేకపోతే మరల మొదలుపెట్టి, శనగపప్పు మాని చూడండి. అన్నియు ఒకేసారి మానితే ఏది కారణమో తెలియదు, మనిషి మాత్రము నీరసించిపోతాడు.

మలబద్ధకము మన వృత్తిలో తక్కువగా చెప్పుకొనే బాధ. గుంట నుండి లేవవలసి వస్తుందని నీరు త్రాగము. మరుగుదొడ్డి సరిగా లేని ఇండ్లలో ఆడవారు పొద్దుట నుండి సాయంత్రము వరకు నీరు మానుకొనుట మనకు తెలియనిది కాదు. దానివలన మలము గట్టిపడి పొట్ట బిగుస్తుంది, మూత్రములో మంట కూడ వస్తుంది. రక్తహీనతకు ఇచ్చే ఇనుము మాత్రలు కొందరికి మలబద్ధకము చేస్తాయి. వాటిని మానవద్దు, వైద్యునికి చెబితే మార్చి ఇస్తారు. థైరాయిడ్ గ్రంథి మందగించినా మలబద్ధకము, ఉబ్బరము, నీరసము, బరువు పెరుగుట కలుగుతాయి. రక్తపరీక్షతో తెలుస్తుంది, మాత్రలతో సరిపోతుంది.

నెలసరికి ముందు నాలుగు రోజులు ఉబ్బరము ఉండి తరువాత పోవుట సామాన్యము.

ఇక మందుల షాపు మాత్ర సంగతి. "గ్యాస్ మాత్ర" అని మనము కొనేది చాలవరకు కడుపులోని ఆమ్లమును తగ్గించే మాత్ర. గుండెలో మంటకు అది మంచిదే. ప్రేగులలోని వాయువును అది తీసివేయదు; నీటిని, గడ్డను ఏమియు చేయదు. ఒక పట్టీ వాడి తగ్గనప్పుడు రెండవ పట్టీ కొనుటకు బదులు వైద్యుని వద్దకు పోవుట మేలు.

వారముల పొట్ట: నీరు

పొట్ట లోపలి పొరలలో నీరు చేరుట ఒక వ్యాధి కాదు, వేరే వ్యాధికి గుర్తు. కాలేయము గట్టిపడుట, గుండె బలహీనపడుట, మూత్రపిండములనుండి మాంసకృత్తులు కారిపోవుట, కడుపులో క్షయ, క్యాన్సరు వీటిలో ఏదైనా కావచ్చును. పొట్ట బిగిసి ప్రక్కలకు సాగుతుంది, బొడ్డు పైకి లేస్తుంది, చీలమండ వద్ద వ్రేలితో నొక్కితే గుంట పడి కొంతసేపు నిలుస్తుంది, పడుకొంటే ఆయాసము వస్తుంది, కొందరికి కండ్లు పచ్చబడతాయి. స్కానింగులో కొద్ది నీరు కూడ కనబడుతుంది. సూదితో కొంచెము నీరు తీసి పరీక్షిస్తే చాలవరకు కారణము తెలుస్తుంది.

కాలేయము చెడిపోవుటకు సారాయి పెద్ద కారణము, సందేహము లేదు. కాని అది ఒక్కటే కాదు. హెపటైటిస్ బి, సి అనే క్రిములు, చక్కెర వ్యాధితో వచ్చే కొవ్వు కాలేయము చుక్క త్రాగనివారికి కూడ ఈ స్థితి తెస్తాయి. హెపటైటిస్ సి నేడు కొన్ని వారముల మాత్రలతో నయమవుతున్నది. 2018 లో మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇస్తున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మా సభ్యులలో నలుబది ఏండ్ల ఒకతనికి రెండు నెలలలో పొట్ట కుండ వలె అయినది. ఇరుగుపొరుగు "త్రాగి తెచ్చుకొన్నాడు" అన్నారు. ఒకప్పుడు త్రాగినవాడే గనుక అతడును అదే నమ్మి, సిగ్గుపడి, ఇల్లు కదలలేదు. సాయంత్రము పూట జ్వరము, బరువు తగ్గుట ఉన్నవని అతని భార్య చెప్పిన తరువాత గాని ఎవరికిని తోచలేదు. నీరు తీసి పరీక్షిస్తే కడుపులో క్షయ. మందులు ప్రభుత్వ కేంద్రములో ఉచితము. ఆరు నెలలు తప్పకుండా మ్రింగినాడు, పొట్ట తగ్గినది, మగ్గము ఎక్కినాడు. తప్పు ఎవరిది అని నిర్ణయించుటకు ముందు రోగము ఏది అని తెలుసుకొనవలెను. త్రాగుడువలననే వచ్చినప్పుడు కూడ, మానివేసి చికిత్స చేయించుకొంటే చాలామందికి ఆయువు మిగులుతుంది. సిగ్గువలన ఎవరికిని రోగము తగ్గలేదు.

నీరు చేరినవారు వైద్యుడు చెప్పిన మేరకు ఉప్పు తగ్గించవలెను. "నీరు లాగే మందు" అని ఎవరో ఇచ్చినది మ్రింగరాదు. మూత్రపిండములు దెబ్బతింటాయి.

వారముల పొట్ట: గడ్డ

ఆడవారి గర్భసంచిలో గడ్డలు తరచుగా వస్తాయి. చాలవరకు అవి క్యాన్సరు కావు. నెలసరిలో రక్తము ఎక్కువ పోవుట, పొత్తికడుపు బరువు, పెద్దవైతే గర్భవతి వలె పొట్ట కనబడుట గుర్తులు. అండకోశములో నీటి తిత్తులు కూడ అట్లే.

భయపడవలసినది అండకోశపు క్యాన్సరు. ఏ గుర్తు లేని ఆడవారిలో దీనిని ముందుగా పట్టుకొనే నమ్మకమైన పరీక్ష ఇంకను లేదు. కాబట్టి గుర్తులే మనకు దిక్కు. అవి నాలుగు: తగ్గని ఉబ్బరము, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండుట, పొత్తికడుపులో గాని పొట్టలో గాని నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట. ఇవి అజీర్ణమునకు కూడ ఉంటాయి, అందుకే మోసపోతాము. తేడా ఏమిటనగా ఇవి కొత్తగా వస్తాయి, విడువకుండా వస్తాయి. నెలలో 12 రోజులకు మించి ఇట్టి బాధ ఉంటే, ముఖ్యముగా 50 ఏండ్లు దాటినవారికి, స్కానింగు, రక్తపరీక్ష చేయించవలెను. 50 దాటిన తరువాత మొదటిసారి వచ్చిన "గ్యాస్" ను గ్యాస్ అని అనుకొనరాదు.

మా ఊరిలో కండెలు చుట్టే ఒక తల్లి అయిదు నెలలు ఆమ్లము మాత్రలు వాడినది. రాత్రి అన్నము మానివేసినది. "పెద్దవయసు, అరుగుట లేదు" అన్నది. కోడలు ఆమె రవికలు రెండుసార్లు విప్పి కుట్టినది. ప్రక్కలకు గుడ్డ అతికినది. ఆ రెండవసారి కోడలికి అనుమానము వచ్చి తీసుకొనిపోయినది. అండకోశములో గడ్డ, చుట్టు నీరు. శస్త్రచికిత్స, తరువాత మందుల చికిత్స జరిగినవి. ఆమె నేడు ఇంటిలో తిరుగుతున్నది, మూడు నెలలకు ఒకసారి పరీక్షకు పోతున్నది. ఆ ఇంటిలో అందరికంటె ముందు తెలిసినది సూదికి. మన ఇండ్లలో ఆడవారి రవికలు విప్పి కుట్టేవారు ఆ మాట గుర్తుంచుకొనవలెను.

పొట్టలో కనబడే మరి కొన్ని పెరుగుదలలు: ఎడమ ప్రక్కటెముకల క్రింద ప్లీహము పెరుగుట మలేరియా మరల మరల వచ్చేవారిలో ఉంటుంది, ఒడిశా దక్షిణపు కొండ జిల్లాలతో రాకపోకలు ఉన్నవారు జ్వరపు సంగతి వైద్యునికి చెప్పవలెను. ముసలి మగవారిలో మూత్రము సరిగా పోక మూత్రాశయము నిండి పొత్తికడుపు ఉబ్బుట కలదు. చుక్కలు చుక్కలుగా పోతున్నది గనుక అడ్డు లేదనుకొనరాదు. నలుబది దాటిన స్త్రీకి నెలసరి తప్పితే ముట్లు ఉడిగినవని అనుకొని అయిదవ నెల వరకు గర్భము తెలియని సందర్భములు ఉన్నవి. మూత్రపరీక్షతో అయిదు నిమిషములలో తేలే విషయము అది.

ఒక్కచోట ఉబ్బితే

పొట్ట అంతయు కాక బొడ్డు వద్ద, గజ్జలో, పాత శస్త్రచికిత్స మచ్చ వద్ద మాత్రమే ఉబ్బి, దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు పెరిగి, పడుకొంటే లోపలికి పోయేది హెర్నియా. మన వాడుకలో "బుడ్డ" అని, "ప్రేగు జారినది" అని అంటారు. సిజేరియను, కుటుంబనియంత్రణ ఆపరేషను మచ్చల వద్ద కూడ రావచ్చును. నొప్పి లేనంతకాలము తీరిక చూచుకొని శస్త్రచికిత్స చేయించుకొనవచ్చును. అది గట్టిపడి, లోపలికి పోక, నొప్పి, వాంతులు మొదలైతే ఆ గంటలోనే ఆసుపత్రికి చేరవలెను. ప్రేగు నలిగి చచ్చిపోయే ప్రమాదము.

పిల్లల పొట్ట

రెండు మూడేండ్ల పిల్లలకు పొట్ట కొంచెము ముందుకు ఉండుట సహజము. పిల్లవాడు ఆడుతూ, తింటూ, ఎదుగుతూ ఉంటే చింత లేదు. పొట్ట పెద్దదై చేతులు కాళ్ళు పుల్లలైతే, పాదములు వాచితే, జుట్టు రంగు మారితే, ఎత్తు పెరుగకపోతే పోషణ లోపము, నులిపురుగులు, మరి ఇతర వ్యాధులు చూడవలెను. ప్రభుత్వము 2015 నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినము జరుపుతున్నది. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో బడులలో, అంగన్వాడీలలో మాత్ర ఉచితముగా ఇస్తారు. ఆ రోజు పిల్లలను బడి మానిపించకండి.

నొప్పి మాత్రలతో వచ్చే పొట్ట

నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి మన వృత్తికి తోబుట్టువులు. కొందరు పేరు లేని పొట్లములో కట్టి ఇచ్చే మాత్రలు తెచ్చుకొంటారు. ఒక పూటలో నొప్పి మాయమవుతుంది. అట్టి మాత్రలలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చును. నెలల తరబడి వాడితే ముఖము గుండ్రమై, పొట్ట పెరిగి, చేతులు కాళ్ళు సన్నబడి, చర్మము పలుచనై, చక్కెర, రక్తపుపోటు వస్తాయి. అట్లని హఠాత్తుగా మానుట కూడ ప్రమాదమే. ఆ పొట్లమును చేతపట్టుకొని వైద్యునికి చూపి, ఆయన చెప్పినట్లు మెల్లగా తగ్గించవలెను.

వైద్యునికి ఏ భాషలో చెప్పవలెను

ఇది మనకు ప్రత్యేకమైన చిక్కు. తరతరములుగా స్థిరపడినా ఇంటి భాష తెలుగు, ఆసుపత్రి భాష వేరు. యానాములో తప్ప తక్కినచోట్ల మన పెద్దలు, ముఖ్యముగా ఇల్లు కదలని ఆడవారు, బాధను పూర్తిగా చెప్పలేరు. మరాఠీ, కన్నడము, తమిళము, ఒడియా ఏదైనా సరే, అన్నిచోట్ల అర్థమయ్యే మాట "గ్యాస్" ఒక్కటి. కాబట్టి ఆ మాటే చెబుతారు. ఆ మాటకు తగిన మాత్రే వస్తుంది.

"గ్యాస్" అనే మాట విడిచి, ఎంత కాలమైనదో చెప్పవలెను. "మూడు వారములనుండి పొట్ట ఉబ్బి ఉన్నది" అనుటకు మరాఠీలో "తీన్ ఆఠవడ్యాంపాసూన్ పోట్ ఫుగలంయ్", కన్నడములో "మూరు వారదింద హొట్టె ఉబ్బరిసిదె", తమిళములో "మూణు వారమా వయిరు ఉప్పి ఇరుక్కు", ఒడియాలో "తిని సప్తాహ హేలా పేట ఫులిఛి" అంటే చాలును. వ్రాసుకొన్న కొలతల కాగితము చూపితే ఏ భాషయు అక్కరలేదు. అంకెలు అందరికి ఒక్కటే.

మరొక మాట. బడిలో అక్కడి భాష నేర్చిన కొడుకును, మనుమని తల్లికి తోడు పంపుట మన అలవాటు. కొడుకు ముందు తల్లి నెలసరి సంగతి, మూత్రపు సంగతి చెప్పదు. ఆ రెండే వైద్యునికి కావలసినవి. కూతురిని గాని, కోడలిని గాని పంపవలెను.

వైద్యుడు చేతితో నొక్కి చూచుట, రక్తము, మూత్రము, చక్కెర, కాలేయము, థైరాయిడ్ పరీక్షలు, పొట్ట స్కానింగు మొదట చేయించేవి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో వీటికి ఖర్చు స్వల్పము. 2018 లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్న కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స దొరుకుతుంది గాని అది ఆసుపత్రిలో చేరినప్పటికే. కార్డు ఉన్నది గదా అని బయట స్కానింగు ఉచితమనుకొని పోయి నిరాశ పడవద్దు.

ఆలస్యము చేయరాని గుర్తులు

ఆ రోజే పోవలసినవి: హఠాత్తుగా భరింపరాని నొప్పి, పొట్ట చెక్క వలె గట్టిపడుట, వాంతులతో పాటు మలము, వాయువు రెండును ఆగిపోవుట, రక్తపు వాంతి, తారు వలె నల్లని మలము, నీరు చేరినవారికి జ్వరము, నొప్పి, మతి తప్పుట, మూత్రము పూర్తిగా ఆగిపోవుట, లోపలికి పోని హెర్నియా.

ఆ వారములో పోవలసినవి: మూడు వారములుగా తగ్గని ఉబ్బరము, తిండి తగ్గి, బరువు తగ్గి, పొట్ట మాత్రము పెరుగుట, కండ్లు పచ్చబడుట, కాళ్ళ వాపు, సాయంత్రపు జ్వరము, ముట్లు ఉడిగిన తరువాత రక్తము కనబడుట, మలములో రక్తము, 50 దాటిన తరువాత మలవిసర్జన అలవాటు మారుట, చేతికి తగిలే గడ్డ.

సంఘములకు మనవి

మనలో చాలామందికి కూలి నేసిన బట్ట మీదనే. ఆసుపత్రికి పోయిన రోజు కూలి లేని రోజు. స్కానింగుకు ఒక రోజు, దాని ఫలితమునకు ఒక రోజు, పెద్ద ఆసుపత్రికి రెండు రోజులు. పండుగ సరుకు గడువు ముందు ఎవరును ఈ నాలుగు రోజులు వదలుకొనరు. "ఈ పడుగు దిగనీ" అంటారు; పడుగు దిగితే మరొక పడుగు ఎక్కుతుంది. రోగములు ముదురుట చాలవరకు ఈ గడువులలోనే.

కాబట్టి సంఘముల కార్యవర్గములకు నా మనవి. ఆసుపత్రి చీటీ చూపిన సభ్యునికి అన్ని రోజుల గడువు పొడిగించండి. ఆలస్యపు కోత వేయకండి. చిన్న మొత్తము ముందుగా ఇచ్చి కూలిలో మెల్లగా పట్టుకొనండి. భాష తెలిసిన ఒక స్త్రీని తోడు పంపే ఏర్పాటు చేయండి. సంఘ కార్యాలయములో ఒక టేపు, ఒక బరువు యంత్రము ఉంచండి. నూలు తీసుకొనుటకు వచ్చిన రోజు కొలుచుకొని పోతారు. ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

సభ్యులకు మనవి ఒక్కటే. పొట్ట ఉన్నదని సిగ్గుపడనక్కరలేదు, భయపడనక్కరలేదు. అది గంటలదో, ఏండ్లదో, వారములదో తెలుసుకొనండి. వారములదైతే ఈ పడుగు దిగేవరకు ఆగకండి.

— ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, షోలాపూరు